వ్యానులో తీపి వాసన వస్తే...
పాత బండి హీటరు లీకు: గుర్తించే విధం, బాగుచేసుకొనే విధం

వాడిపట్టి వంటి ఎండ ఊరిలో కూర్చొని వ్యాను హీటరును గురించి వ్యాసం వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. సంవత్సరంలో పది నెలలు మనకు కావలసినది చల్లని గాలియే గాని వేడి గాలి కాదు. అయితే మన ఊరి నుండి కొడైకానల్ ఎంత దూరం? నిలక్కోట్టై, వత్తలగుండు దాటితే ఘాట్ రోడ్డు మొదలవుతుంది. ఉదయం ఇక్కడ చెమటతో బయలుదేరినవారు మధ్యాహ్నానికి సుమారు 2,100 మీటర్ల ఎత్తున స్వెటరు వెతుక్కుంటారు. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడ గడ్డి మీద మంచు పేరుకొనడం కూడా కద్దు. పళని, తిరుమల, శబరిమల యాత్రలకని, కొండ మీది సెలవులకని పాత డీజిల్ వ్యాను కొని, వెనుక సీట్లు మడిచి పడక వేసుకొనే ఏర్పాటు చేసుకున్న కుటుంబాలు మన తెలుగు ఇళ్ళలో ఉన్నవి. మా బావగారి వ్యాను కూడా అటువంటిదే. ఆ వ్యాను మాకు నేర్పిన పాఠమే ఈ వ్యాసానికి ఆధారం.

డిసెంబరు సెలవులలో ఒక సాయంకాలం పిల్లాపాపలతో బయలుదేరాము. పెరుమాళ్ మలై సమీపించేసరికి చీకటి పడింది, మంచు దిగింది. బావగారు హీటరు పెట్టారు. కొద్దిసేపటికి మా అత్తగారు, “ఎవరే పాకం పట్టినట్టు వాసన? అరిసెల డబ్బా మూత ఊడిందా చూడండి” అన్నారు. డబ్బా మూత సరిగానే ఉన్నది. ముందు అద్దం లోపలివైపు మసకబారింది. గుడ్డతో తుడిస్తే పోకపోగా జిడ్డు పూసినట్లు మరింత అలుముకున్నది. ఎదుటి బండి దీపాలు ఆ జిడ్డులో చెదరి దారి కనబడడం లేదు. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే, చిన్నవాడు నీళ్ళు ఒలకబోశాడని వాడిని కసిరాము. వాడు ఏడుస్తూ ఆ తడి మీదనే పడుకున్నాడు. ఆ తడి నీళ్ళు కాదు, ఇంజనులోని కూలెంట్ అని మాకు తెలిసినది సిల్వర్ కాస్కేడ్ జలపాతం దగ్గర బండి ఆగి, బానెట్ సందుల నుండి ఆవిరి వచ్చినప్పుడు మాత్రమే.

అంతకు పది రోజుల ముందే బండిని ఒక షెడ్డులో చూపించాము. నీరు తగ్గుతున్నదని చెబితే ఒక క్లిప్పు బిగించి, నీరు నింపి పంపారు. నీరు ఎక్కడికి పోతున్నదని వారు అడగలేదు, అడగాలని మాకూ తెలియలేదు.

హీటరు పని చేసే తీరు

బళ్ళోని హీటరు అనగానే చాలామంది ఇస్త్రీపెట్టెలో వలె కరెంటు తీగ ఎర్రగా కాలుతుందని అనుకుంటారు. అది కాదు. ఇంజను చుట్టూ తిరిగి వేడెక్కిన నీటిలో కొంత భాగాన్ని మళ్ళించి, డ్యాష్‌బోర్డు వెనుక ఉన్న చిన్న రేడియేటరు గుండా పంపుతారు. దాని మీదుగా ఫ్యాను గాలి ఊదుతుంది. ఆ గాలి వేడెక్కి మన కాళ్ళకు, అద్దానికి తగులుతుంది. అంతే.

మన ప్రాంతపు వారికి దీనిని కాలువతో పోల్చి చెప్పడం సులభం. పేరణై వద్ద మొదలయ్యే పెరియార్ ప్రధాన కాలువ మన వాడిపట్టి తాలూకా పొలాల మీదుగా పోతుంది కదా. ఇంజనుకూ ముందున్న పెద్ద రేడియేటరుకూ మధ్య తిరిగే నీరు ఆ ప్రధాన కాలువ. హీటరుకు పోయేది పిల్లకాలువ. ఆ పిల్లకాలువకు ఒక షట్టరు ఉంటుంది, దానిని హీటరు ట్యాపు అంటారు. డ్రైవరు ముందున్న ‘వేడి–చల్లన’ మీట చాలా పాత బళ్ళలో ఒక వైరు ద్వారా ఈ ట్యాపునే తిప్పుతుంది. పొలంలో పారిన నీరు తిరిగి డ్రెయినులోకి చేరినట్లు, హీటరులో తిరిగిన నీరు రెండవ హోసు గుండా మళ్ళీ ఇంజనుకు చేరుతుంది.

ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. షట్టరు మూసినంత మాత్రాన పిల్లకాలువ ఎండిపోదు. ట్యాపు సాధారణంగా నీరు వచ్చే హోసుకే ఉంటుంది, తిరిగి పోయే హోసు తెరిచే ఉంటుంది. కాబట్టి మీట ‘చల్లన’ వైపు పెట్టినా హీటరులో నీరు, ఒత్తిడి రెండూ ఉంటాయి. “హీటరు ఆపేశాము, ఇక కారదు” అనుకోవడం పొరపాటు. నెమ్మదిగా కారుతూనే ఉంటుంది.

మన ఊళ్ళలో హీటర్లు త్వరగా చెడడానికి వాడకం కంటే వాడకపోవడమే ఎక్కువ కారణమని నా అభిప్రాయం. పది నెలలు ట్యాపు మూసి ఉంటే ఆ చిన్న రేడియేటరులోని నీరు కదలదు. కూలెంట్‌లో తుప్పును నిరోధించే మందులు కలిపి ఉంటాయి. అవి కాలక్రమేణా సత్తువ కోల్పోతాయి. దానికి తోడు మనం పోసే బోరునీటిలో లవణాలు ఎక్కువ. ఇంట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పట్టే చిల్లే, వెంట్రుకవాసి సందులు గల ఈ గొట్టాలలోనూ పడుతుంది. పలుచని రాగి గొట్టం లోలోపల తినబడి, అతుకు దగ్గర సూదిమొన అంత రంధ్రం పడుతుంది. నెలకొకసారి, ఎండాకాలమైనా సరే, పది నిమిషాలు హీటరు పెట్టి నీటిని కదిలించడం మంచిది. కిటికీలు తెరుచుకోండి, పిల్లలు నవ్వితే నవ్వనివ్వండి.

పోయేది నీరొక్కటే కాదు

లీకు అంటే నీరు తగ్గడం, తగ్గితే మళ్ళీ పోసుకోవచ్చు అని అనుకొనేవారు అనేకులు. మేమూ అలాగే ఒక బిందె నీళ్ళు బండిలో వేసుకొని తిరిగాము. అయితే నీటితోపాటు పోయే మరొకటి ఉన్నది. అది ఒత్తిడి.

ప్రెషర్ కుక్కరు సంగతి గృహిణులందరికీ తెలిసినదే. మూత బిగించి వెయిట్ పెడితే లోపలి నీరు 100 డిగ్రీలు దాటి సుమారు 120 డిగ్రీల దాకా మరగకుండా వేడెక్కుతుంది. రేడియేటరు మూత కూడా కుక్కరు మూత వంటిదే. మూత మీద 0.9 అని ఒక అంకె ఉన్న బళ్ళు చాలా కనిపిస్తాయి. బయటి గాలి ఒత్తిడి కంటే అంత ఎక్కువ ఒత్తిడిని అది లోపల పట్టి ఉంచుతుందని అర్థం. ఆ ఒత్తిడి ఉన్నంతవరకు మైదానంలో ఉత్త నీరైనా సుమారు 118 డిగ్రీల దాకా మరగదు. కూలెంట్ సరిపాళ్ళలో కలిపితే ఇంకా కొన్ని డిగ్రీలు ఎక్కువ.

ఇప్పుడు హీటరులో చిన్న రంధ్రం పడిందనుకోండి. వాషరు పాడైన కుక్కరులో విజిల్ రానట్లే, బండిలో ఒత్తిడి నిలవదు. ఒత్తిడి లేకపోతే నీరు మామూలు వేడికే మరుగుతుంది. పైగా ఎత్తు పెరిగే కొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున మరిగే వేడి తగ్గుతుంది. కొడైకానల్‌లో తెరిచిన గిన్నెలో నీరు సుమారు 93 డిగ్రీలకే మరుగుతుంది. అక్కడ కుక్కరు లేకుండా పప్పు ఉడకడానికి ఆలస్యమయ్యేది అందుకే. ఇంజను నీటిని పెద్ద రేడియేటరుకు వదిలే థర్మోస్టాట్ 82 డిగ్రీల ప్రాంతంలో తెరుచుకుంటుంది. అంటే ఇంజను మామూలుగా పనిచేసే వేడికీ నీరు మరిగే వేడికీ మధ్య మైదానంలో 35 డిగ్రీల ఎడం ఉంటే, లీకు పడ్డ బండికి కొండ మీద మిగిలేది పది పన్నెండు డిగ్రీలు మాత్రమే. రెండవ గేరులో నిండు బరువుతో ఎక్కే వ్యాను ఆ పది డిగ్రీలను దాటడానికి ఎంతోసేపు పట్టదు. మైదానంలో నెల రోజులు ఏమీ కాని లీకు ఘాట్ రోడ్డు మీద ఒక్క గంటలో బండిని ఆపివేయడానికి కారణం ఇదే.

టెంపరేచరు ముల్లును కూడా పూర్తిగా నమ్మరాదు. వేడిని కొలిచే సెన్సరు నీటిలో మునిగి ఉన్నప్పుడే సరిగా చెబుతుంది. నీరు బాగా తగ్గి సెన్సరు గాలిలో పడితే ముల్లు కిందికి దిగి, అంతా బాగున్నట్లు కనబడవచ్చు. ముల్లు ఒక్కసారిగా పడిపోవడం, హీటరు నుండి వేడి గాలికి బదులు చల్లగాలి రావడం, ఈ రెండూ కలిసి వస్తే వెంటనే బండి పక్కకు తీసి ఇంజను ఆపవలెను.

తడిని పరీక్షించడం

కార్పెట్ తడిసినంత మాత్రాన హీటరు లీకని నిర్ణయించరాదు. వానాకాలంలో ముందు అద్దం రబ్బరు సందుల నుండి నీరు దిగుతుంది. ఏసీ ఉన్న బళ్ళలో ఏసీ నీరు బయటికి పోయే గొట్టం మూసుకుపోతే ఆ నీరు లోపలికి వస్తుంది. ఈ రెండూ ఉత్త నీరే. తెల్లని పాత ధోవతి ముక్కను ఆ తడి మీద గట్టిగా అద్ది చూడండి. ఆకుపచ్చ, ఎరుపు, నీలం వంటి రంగు అంటితే, వేళ్ళ మధ్య రుద్దినప్పుడు జారుడుగా ఉంటే, పాకం వంటి తీపి వాసన వస్తే అది కూలెంట్. రుచి చూడడం ఎంతమాత్రం కూడదు. ఎందుకో కొద్దిసేపటిలో చెబుతాను. పరీక్షించిన తరువాత చేతులు సబ్బుతో కడుగుకోండి.

తరువాత లీకు ఎక్కడ అన్న ప్రశ్న. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత, తెల్లవారుజామున చూడడం మేలు. కూలెంట్ డబ్బా మీద నీటి మట్టానికి ఒక గీత గీయండి. ఇంజనుకూ డ్రైవరు ఉండే భాగానికీ మధ్య ఉన్న ఇనుపరేకు గుండా రెండు సన్నని హోసులు లోపలికి పోతాయి. వాటి కొనలను, క్లిప్పులను, ట్యాపును టార్చి వెలుతురులో చూడండి. ఎండిపోయిన కూలెంట్ తెల్లగానో పచ్చగానో ఉప్పు పూసినట్లు కనబడుతుంది. హోసును వేళ్ళతో నొక్కి చూడండి. అప్పడంలా పెళపెళమన్నా, నానిన తోలులా మెత్తగా ఉన్నా దాని కాలం తీరినట్లే. బయట అంతా పొడిగా ఉండి లోపల కార్పెట్ తడిస్తే తప్పు చిన్న రేడియేటరుదే కావచ్చు. డ్యాష్‌బోర్డు కింద పాత వార్తాపత్రిక పరచి ఒక రాత్రి వదిలితే చుక్క ఎక్కడ పడుతున్నదో తెలుస్తుంది. మంచి షెడ్డులలో రేడియేటరు మూత స్థానంలో చేతిపంపు బిగించి గాలి ఒత్తిడి పెట్టి చూస్తారు. ఇంజను చల్లగా ఉండగానే లీకు బయటపడుతుంది గనుక ఆ పరీక్ష చేయమని అడగండి.

ఎక్కడా తడి లేకుండానే నీరు తగ్గుతూ ఉంటే, సైలెన్సరు నుండి తెల్లని పొగ ఆగకుండా వస్తుంటే, ఇంజను ఆయిల్ పాలు కలిసిన కాఫీ రంగుకు మారితే అది హెడ్ గ్యాస్కెట్ వ్యవహారం. ఈ వ్యాసం దానికి పనికిరాదు.

ఒక చిన్న మాట. మనం ఇంట్లో తెలుగు మాట్లాడినా షెడ్డులో తమిళంలోనే చెప్పుకుంటాము. “తణ్ణి ఒళుగుదు” అని చెప్పి ఊరుకుంటే మెకానిక్ ముందున్న పెద్ద రేడియేటరునే చూస్తాడు. “లోపల, ఎడమ కాలి దగ్గర, హీటరు పెట్టినప్పుడు ఎక్కువగా” అని చోటు, సమయం చెప్పండి. డాక్టరు వద్ద నొప్పి ఎక్కడో చెప్పినట్లే ఇదీ.

దారిలో చేయదగినది

సిల్వర్ కాస్కేడ్ వద్ద మాకు సహాయం చేసినవాడు ఒక లారీ క్లీనరు. బావగారు ఆత్రంగా రేడియేటరు మూత మీద చెయ్యి వేయబోతే, “అన్నా, చెయ్యి తీయండి! ముఖం కాలిపోతుంది” అని అరిచాడు. ఆ కేక నేటికీ నా చెవిలో ఉన్నది. ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటిన నీరు, మూత తీసిన క్షణంలో ఆవిరిగా మారి పైకి ఎగజిమ్ముతుంది. కనీసం ముప్పావుగంట ఆగి, పై హోసును ముట్టుకుంటే చేతికి వేడి తగలనప్పుడు, దట్టమైన గుడ్డ కప్పి, మొదటి మెట్టు వరకే తిప్పి, బుస్సుమనే శబ్దం ఆగిన తరువాతనే మూత పూర్తిగా తీయవలెను. ఒకవేళ కాలితే ఆ చోటును 20 నిమిషాలపాటు చల్లని పారే నీటి కింద ఉంచాలి. పేస్టు, సిరా, పసుపు పూయరాదు. వేడి ఇంజనులో చన్నీళ్ళు గుమ్మరించడమూ ప్రమాదమే, సిలిండరు హెడ్ పగులుతుంది.

బండి చల్లారాక ఆ అబ్బాయి చేసిన పని చాలా తేలికైనది. హీటరుకు పోయే రెండు హోసులను ఇనుపరేకు వద్ద ఊడదీశాడు. ఒక హోసు కొనకూ రెండవ హోసు కొనకూ మధ్య గట్టి ఇనుప గొట్టం ముక్క పెట్టి, రెండువైపులా క్లిప్పులు బిగించాడు. అంటే పిల్లకాలువను పొలానికి పోనీయకుండా గట్టు మీదనే మళ్ళించి డ్రెయినులో కలిపాడు. హీటరు పనిచేయదు, కాని ఇంజను నీరు ఎక్కడా కారదు. రెండు హోసులకు విడివిడిగా బిరడాలు కొట్టేవారూ ఉన్నారు. కొన్ని ఇంజన్లలో ఆ దారిన నీరు తిరుగుతూ ఉండడం అవసరం గనుక కలపడమే క్షేమం. నీరు నింపి, అద్దాలను సబ్బునీటితో కడిగి, కిటికీలు కొద్దిగా దింపుకొని, చలికి వణుకుతూ పైకి చేరుకున్నాము. “టీచరమ్మా, కిందికి దిగాక తప్పకుండా హీటరు విప్పించండి. ఇలాగే వదిలేస్తే మళ్ళీ మంచులో అద్దం కనపడదు” అని ఆ అబ్బాయి హెచ్చరించి, డబ్బు ఇవ్వబోతే టీకి మాత్రం తీసుకున్నాడు.

దారిలో రేడియేటరులో పసుపు పొడి వేయడం మన డ్రైవర్లలో పాత అలవాటు. పసుపు ఉబ్బి రంధ్రాన్ని మూస్తుందన్నది నిజమే. అంగడిలో అమ్మే లీకు ఆపే పొడి, ద్రవం కూడా అటువంటివే. అయితే వాటికి రంధ్రమేదో గొట్టమేదో తెలియదు. హీటరు గొట్టాలు మిక్కిలి సన్ననివి గనుక మొదట పూడుకొనేవి అవే. ఊరు చేరడానికి వేరే గతి లేనప్పుడు వాడవచ్చునేమో గాని, వాడినట్లు మెకానిక్‌తో తప్పక చెప్పి లోపలంతా కడిగించవలెను.

షెడ్డులో చేయవలసిన మరమ్మతు

మొదట చేతికి అందే భాగాలు చూడాలి. లీకు హోసు కొన వద్దనే ఉంటే క్లిప్పు బిగించి ఊరుకోరాదు. రబ్బరు గట్టిపడిన తరువాత ఎంత బిగిస్తే అంతగా క్లిప్పు దానిని కోస్తుంది. పొడవు చాలితే చెడిన కొనను రెండు సెంటీమీటర్లు కోసివేసి మళ్ళీ తొడగవచ్చు. మార్చేటట్లయితే రెండు హోసులూ కలిపే మార్చడం మంచిది, రెండింటి వయస్సూ ఒక్కటే కదా. పాత ముక్కను అంగడికి తీసుకువెళ్ళి లోపలి కొలత సరిచూసుకోండి. చాలా బళ్ళకు 16 మిల్లీమీటర్లది సరిపోతుంది గాని అన్నిటికీ కాదు. హీటరు హోసు అని అడిగి తీసుకోవాలి. తోటకు నీరు పెట్టే ప్లాస్టిక్ గొట్టం వేడికి మెత్తబడి జారిపోతుంది.

పాత హోసును తీసేటప్పుడే ఎక్కువ నష్టం జరుగుతుంది. అది లోహపు గొట్టానికి అంటుకుపోయి ఉంటుంది. పట్టుకారుతో పట్టి లాగితే హోసుకు బదులు చిన్న రేడియేటరు గొట్టమే విరిగి చేతికి వస్తుంది. అప్పుడు వంద రూపాయల పని వేల రూపాయల పని అవుతుంది. హోసును కత్తితో నిలువుగా చీల్చి, చెరకు పొట్టు ఒలిచినట్లు ఒలిచి తీయాలి. మీరు షెడ్డులో నిలబడి చూస్తున్నట్లయితే ఈ ఒక్క మాట తప్పక గుర్తుచేయండి.

ట్యాపు కారితే దానిని మార్చడమే. లోపలి రబ్బరు వళయం మార్చి చూసేవారున్నారు, మా అనుభవంలో అది మూడు నెలలకు మించి నిలువలేదు.

చిన్న రేడియేటరే కారుతుంటే డ్యాష్‌బోర్డు విప్పక తప్పదు. ఇది ఒక పూట పని, కొన్ని బళ్ళలో ఒక రోజు పని. ముందుగా బ్యాటరీ నెగటివ్ వైరు తీసివేయాలి, ఎందుకంటే కారిన కూలెంట్ ఫ్యూజుల మీద పడి ఉండవచ్చు. విప్పే ప్రతి దశలోనూ సెల్‌ఫోనులో ఫొటో తీసుకుంటే బిగించేటప్పుడు వాదులాట ఉండదు. బయటికి తీసిన దానిని రేడియేటరు పనివారి వద్దకు తీసుకువెళ్ళండి. వారు ఒక గొట్టం మూసి, రెండవదానిలో గాలి పెట్టి, నీళ్ళ తొట్టిలో ముంచుతారు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్లే బుడగలు వచ్చిన చోట రంధ్రం ఉన్నట్లు. రాగి, ఇత్తడితో చేసిన పాత రకమైతే, బిందెకు మాటు వేసినట్లు మాటు వేస్తారు. అల్యూమినియం రకానికి ఈ మాటు అంటదు, కొత్తది కొనవలసినదే. రాగిదైనా ఒకటికి రెండుచోట్ల బుడగలు వస్తే కొత్తది వేయించుకోవడమే లాభమని నేను చెబుతాను. లోపల తినబడిన లోహం ఒకచోట మూస్తే మరొకచోట తెరుచుకుంటుంది, డ్యాష్‌బోర్డు మళ్ళీ విప్పడానికయ్యే కూలి రెండింతలు.

వెనుక పడక ఉన్న వ్యాన్లలో కొన్నిటికి వెనుక సీటు కింద రెండవ హీటరు ఉంటుంది. విదేశాలలో పేరొందిన వోక్స్‌వ్యాగన్ మూడవ తరం వ్యాన్లలో ఈ ఏర్పాటు ఉండేది. అంతకు ముందు గాలితో చల్లబడే ఇంజన్లు వాడిన ఆ వ్యాన్లకు 1980 దశకం ఆరంభంలో నీటి ఇంజను వచ్చింది. ఇంజను వెనుక, రేడియేటరు ముందు. మధ్య బండి పొడవునా నీటి గొట్టాలు నేల కింద పోతాయి. వెనుక హీటరు కారితే చాలాకాలం ఎవరికీ తెలియదు, దాని మీద పరుపు ఉంటుంది గనుక. మీ బండికి వెనుక హీటరు ఉన్నట్లయితే సీటు ఎత్తి చూడడం, నేల కింద గొట్టాలకు తుప్పు, రాతి దెబ్బలు ఉన్నవేమో చూడడం మరువకండి.

నీరు నింపడంలో రెండు జాగ్రత్తలు. బోరునీరు, కాలువనీరు వద్దు. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరులో కూలెంట్‌ను సగానికి సగం కలపండి, లేదా కలిపి అమ్మేదే కొనండి. మన ఊరిలో నీరు గడ్డకట్టదు గదా, కూలెంట్ ఎందుకని అడుగుతారు. గడ్డకట్టకుండా ఉండడానికే కాదు, తుప్పు పట్టకుండా, త్వరగా మరగకుండా ఉండడానికి అది కావాలి. పాత ఆకుపచ్చ రకమైతే రెండేళ్ళకొకసారి మార్చాలి. రంగు ఒకటే గదా అని వేర్వేరు రకాలు కలపరాదు, బండి పుస్తకంలో చెప్పిన రకమే పోయాలి. రెండవది గాలి తీయడం. బండి ముక్కు కొంచెం ఎత్తుగా ఉండే చోట నిలిపి, హీటరు మీట పూర్తి ‘వేడి’ వైపు పెట్టి, చల్లని ఇంజనును మూత తీసి స్టార్టు చేసి, నెమ్మదిగా నింపుతూ పోవాలి. హోసులను మధ్యమధ్య నొక్కితే బుడగలు పైకి వస్తాయి. బుడగలు ఆగి, హీటరు నుండి నిలకడగా వేడి గాలి వచ్చిన తరువాత మూత బిగించాలి. గాలి మిగిలితే నీరు నిండినట్లు కనబడినా ఇంజను కాలుతుంది. మూతలోని రబ్బరు వాషరు చీలి ఉంటే మూత కూడా మార్చండి.

పిల్లలున్న ఇంట కూలెంట్

ఇక రుచి చూడరాదని ఎందుకు అన్నానో చెప్పాలి. కూలెంట్‌లో ప్రధానంగా ఉండేది ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం. అది తియ్యగా ఉంటుంది, విషం. పెద్దవారికి సుమారు 100 మిల్లీలీటర్లు ప్రాణాపాయం. పది కిలోల బరువున్న పసివానికి మూడు చెంచాలు చాలు. 2025 అక్టోబరులో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పలువురు చిన్నారుల మరణాలకు కారణమైన దగ్గుమందులో బయటపడిన డైఇథిలీన్ గ్లైకాల్ దీనికి దగ్గరి చుట్టమే. రెండూ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

త్రాగిన వెంటనే పెద్ద లక్షణాలు కనబడకపోవడం దీనిలోని మోసం. మొదట మత్తుగా, తూలుతున్నట్లు, వాంతి వచ్చేటట్లు ఉంటుంది. పిల్లవాడు నిద్రమత్తులో ఉన్నాడని అనుకుంటాము. తరువాత ఊపిరి వేగం పెరుగుతుంది, ఒకటి రెండు రోజులలో మూత్రం తగ్గిపోతుంది. మొదటి గంటలలోనే ఆసుపత్రికి చేరితే దీనికి విరుగుడు మందు, డయాలసిస్ ఉన్నవి. కనుక అనుమానం వచ్చిన క్షణాన 108కి ఫోను చేయండి, లేదా నేరుగా మదురై ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రికి పోండి. బలవంతంగా వాంతి చేయించవద్దు. కూలెంట్ డబ్బాను వెంట తీసుకువెళ్ళి డాక్టరుకు చూపండి.

మా చిన్నవాడు తడి మీద పడుకున్నాడే గాని నోట పెట్టుకోలేదు. స్నానం చేయించి, బట్టలు ఉతికితే సరిపోయింది. చర్మానికి తగిలిన కొద్దిపాటి కూలెంట్ వల్ల భయం లేదు. కాని ఆ రాత్రి ఆ తడి చేతితో వాడు అరిసె తిని ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదలలేదు. ఇంటికి వచ్చి చూస్తే, మిగిలిన కూలెంట్ షెడ్డు నుండి ఒక కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇచ్చినది, వరండాలో పిల్లల సైకిళ్ళ పక్కనే ఉన్నది! ఆకుపచ్చ రంగు, తీపి వాసన, కూల్‌డ్రింకు సీసా. ఏ పిల్లవాడు ఆగుతాడు? అసలు డబ్బాలో తప్ప వేరే దేనిలోనూ కూలెంట్ ఉంచకండి, షెడ్డువారు సీసాలో పోసి ఇస్తే వద్దనండి.

బండి నుండి తీసిన పాత కూలెంట్‌ను కాలువలోనో, పెరటి గుంటలోనో పారబోయడం మన అలవాటు. కుక్కలు, కోళ్ళు, మేకలు ఆ తీపికి వచ్చి త్రాగుతాయి. మరమ్మతు చేసిన షెడ్డులోనే డబ్బాలో పట్టి, పాత ఆయిల్‌తో కలపకుండా వారికే అప్పగించండి. తడిసిన కార్పెట్‌ను బండిలోనే ఆరబెడితే వాసన పోదు, అడుగున ఉన్న స్పాంజి ఆ ద్రవాన్ని పట్టి ఉంచుతుంది. రెండూ బయటికి తీసి, సబ్బునీటితో రెండు మూడుసార్లు కడిగి, ఎండలో రెండు రోజులు ఆరవేయాలి. మా స్పాంజి ఎన్నిసార్లు కడిగినా జారుడు పోకపోతే దానిని పారవేసి కొత్తది వేశాము. ముందు అద్దాన్ని లోపలివైపు సబ్బునీటితో కడిగి, మంచినీటితో తుడిచి, మళ్ళీ ఒక రాత్రి హీటరు పెట్టి చూడండి. అద్దం మీద కొత్తగా జిడ్డు పట్టకపోతే, డబ్బా మీద మీరు గీసిన గీత వద్దనే వారం రోజుల తరువాత కూడా నీరు నిలిచి ఉంటే, బండిని కొండకు తీసుకుపోవచ్చు.